చెవికి ఒకటి, కంటికి రెండు



‘నైట్’ అను మాట చెవిని పడినంతనే అది రాత్రియో, కవచము దాల్చిన వీరుడో నిశ్చయించుట ఆంగ్లేయునకును సాధ్యము కాదు. సందర్భమైన తెలియవలెను, వ్రాతయైన చూడవలెను. రాత్రికి మొదటి అక్షరము ‘ఎన్’. వీరునకు దాని ముందొక ‘కె’ నిలుచును. పలుకని యీ అక్షరమేల అని విద్యార్థి అడిగినచో, అది యంతే, కంఠస్థము చేయుమని గద్దించుట పెక్కుచోట్ల పరిపాటి. ప్రశ్న న్యాయమైనది, సమాధానమును కలదు.

ప్రాచీనాంగ్లమున ఆ ‘కె’ స్పష్టముగా పలికెడిది. ఆ మాటకు మొదట బాలుడు, సేవకుడు అనియే అర్థము. రాజసేవచే యోధుడై పిమ్మట గౌరవము నొందెను. నడుమనున్న ‘జి, హెచ్’లు గొంతునుండి వెడలు ‘ఖ’కారమువంటి ధ్వనికి గుర్తులు. 1476లో విలియం కాక్‌స్టన్ వెస్ట్‌మినిస్టరున అచ్చుయంత్రమును నెలకొల్పెను. ముద్రణము మాటల రూపములను క్రమముగా బిగించినది. నాలుక మాత్రము ఆగలేదు. 17వ శతాబ్దము ముగియునాటికి ఆ ‘కె’ నోటినుండి జారిపోయినది, కాగితముపై మిగిలినది.

పువ్వు, పిండి కథ దీనికి విరుద్ధము. ‘ఫ్లవర్’ అనగా పువ్వు. గోధుమలను విసరి జల్లింపగా వచ్చిన శ్రేష్ఠభాగమునకును, గోధుమపువ్వు అన్నట్లు, ఆ మాటనే వాడిరి. తెలుగువారు పిండిని ‘ఫ్లోర్’ అందురు గాని ఆంగ్లేయుల నోట రెండును ఒకటే. 1755 నాటి జాన్సను నిఘంటువునను వీనికి వ్రాతభేదము లేదు. అది స్థిరపడినది తరువాతనే.

తెలుగున పలికినట్లే వ్రాయుదురు. కనుక ‘అచ్చు’ అన్నచో స్వరమో ముద్రణమో చెవికిని తెలియదు, కంటికిని తెలియదు. ఇట్టి నానార్థములను, పదముల విరుపులను ఆధారముగ గొని పింగళి సూరన రాఘవపాండవీయమున ఒకే పద్యములతో రామాయణ భారత కథలను రెండింటిని నడిపెను. కవికి సంపదయైనది అర్జీ వ్రాయువానికి ఆపద.

సింగరేణి గనిలో బొగ్గు త్రవ్వువాడును, ఆస్తికి సంరక్షకుడు కావలసిన పదునెనిమిదేండ్లు నిండని బాలుడును ఆంగ్లమున ‘మైనర్’ అనియే వినబడుదురు. వ్రాతలో మొదటివానికి ‘ఇ’, రెండవవానికి ‘ఓ’, అంతమాత్రమే భేదము. తెలుగు లిపిలో అదియును చెరిగిపోవును. ఆంగ్లపు అర్జీలో ఆ యొక్క అక్షరము తప్పినచో బాలుడు గనిలోనికి దిగవలసినదే! వినికిడి మాత్రమున ఆంగ్లము నేర్చిన యువకులు తడబడునది ఇచ్చటనే. వారికొరకు గ్రంథాలయమందలి నిఘంటువు బీరువాలో తాళము క్రింద గాక, చదువరుల బల్లపై తెరచి యుండవలెను.