పదిమందిని కూర్చి నడుపుట

మెట్‌పల్లి ఖద్దరు కట్టినవారికి దాని మన్నిక తెలియును. అది ఒక్క నేతగాని నేర్పువలన వచ్చినది కాదు. దూదేకువారు, నూలు వడకువారు, ఆసుపోయువారు, మగ్గము నేయువారు, తుదకు అంగడిలో కొలిచి యిచ్చువారు, ఇందరి చేతులు దాటిగాని ఒక పంచె మన యింటికి రాదు. నూలు ఒకచోట లావుగను, ఒకచోట సన్నముగను ఉన్నచో మగ్గముమీద పోగు తెగును, నేతగాడు విసుగుకొనును. అప్పుడు సంస్థను నడుపువాడేమి చేయవలెను? వడికిన యామెను కోపించి కూలి కోయుట సులభము. తెగిన పోగును ఆమెకు చూపి, కదురు వంకరయో, ఏకుటలోనే లోపమో విచారించుటకు ఓపిక కావలెను. ఆ ఓపిక గలవానినే మేము నాయకుడందుము.

పోగు తెగుట మగ్గమునకే కాదు, సహకార సంఘములకును కలదు. అక్కడ తెగిన పోగు పేరు మొండిబాకీ. మన పూర్వపు కరీంనగరు జిల్లాలోని ముల్కనూరున దీనికి మందు కనుగొనిరి. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు 14 గ్రామముల రైతులను కూర్చి సహకార గ్రామీణ బ్యాంకును నెలకొల్పిరి. నాటి సభ్యులు 373 మంది. వాటాధనము 2,300 రూపాయలు మాత్రమే. రైతు బాకీ తీర్పలేకపోవుటకు కారణము తరచుగా విత్తనములోనో, ఎరువులోనో, పంటను తెగనమ్ముకొనుటలోనో ఉండును. కావున బ్యాంకు అప్పిచ్చి ఊరకుండలేదు. విత్తనములు, ఎరువులు తానే సమకూర్చినది. పండిన ధాన్యమును, ప్రత్తిని తానే కొని, బాకీ మినహాయించుకొని, మిగిలిన సొమ్ము రైతు చేతికిచ్చినది. మిగులు వచ్చిన యేట సభ్యులకు బోనసు పంచినది. బాకీ తీర్చుట ఇట్లు రైతునకు భారముగాక లాభమైనది.

పలుకుబడి గలవారు అధ్యక్షులైన సంఘములకు మనకు కొరత లేదు. వారి బంధువుల బాకీలే ముందుగా మొండిబాకీలగుటయు మనము చూచినదే! నియమము పెద్ద యింటి గడప దాటి లోనికి పోనిచో, చిన్న రైతు దానిని ఏల పాటించును? ఉపన్యాసములెన్ని చేసినను ఈ ప్రశ్నకు బదులు కాజాలవు.

విశ్వనాథరెడ్డిగారి అనంతరమును ఆ బ్యాంకు నిలిచియున్నది. అది యొక్కటియే కాదు. తరువాత ఆ ప్రాంతపు స్త్రీలు పొదుపు సంఘముల అనుభవముతో ముల్కనూరుననే స్వకృషి డెయిరీని నెలకొల్పుకొనిరి. అందు పాలు పోయు స్త్రీలే యజమానులు. పాలకవర్గమును ఎన్నుకొనువారును వారే. ఉదయమున పాలచెంబుతో వరుసలో నిలుచున్న యామె, సర్వసభ్య సభలో లేచి లెక్క చెప్పుమని అధ్యక్షురాలిని అడుగవచ్చును.