ముద్ర వేసే ప్రోటీన్లు – క్యాన్సరు మందుల వెనుక కణాల కథ

(సంఘ వార్షికోత్సవం సందర్భంగా జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగపాఠం)



క్యాన్సరు మాట వినగానే మన వయసువాళ్లకు గుండె ఝల్లుమంటుంది. అందుకే కార్యదర్శిగారు ఈ విషయం మీద మాట్లాడమన్నప్పుడు ముందు కొంత తటపటాయించాను. అయితే సభ్యులు తరచు అడిగే ప్రశ్నలు మూడున్నాయి. ఒకే జబ్బుకు ఒకరికి మాత్ర పనిచేసి మరొకరికి ఎందుకు పనిచేయదు? మందు రాసే ముందు ఖరీదైన జన్యు పరీక్ష ఎందుకు చేయించమంటారు? పేపర్లో వచ్చే "క్యాన్సరు కణాలను చంపే ఆకు" ప్రకటనలు నమ్మవచ్చునా? ఈ మూడింటికీ జవాబు ఒకేచోట దొరుకుతుంది. ఆ చోటు ప్రయోగశాలలో పెంచే మానవ కణాలు.

ముందుగా కైనేజు అంటే ఏమిటో చూద్దాం. మనమంతా ఆఫీసుల్లో జీవితం గడిపినవాళ్లం కనుక ఆ భాషలోనే చెబుతాను. ఫైలు ఎంత బాగా రాసినా అధికారి ముద్ర పడందే కదలదు. మన జీవకణంలోనూ అంతే. ఒక ప్రోటీను పని మొదలుపెట్టాలంటే చాలాసార్లు దానిమీద ఫాస్ఫేటు అనే చిన్న ముద్ర పడాలి. ఆ ముద్ర వేసే ఎంజైములే కైనేజులు. పని అయ్యాక ముద్ర చెరిపే ఎంజైములు వేరే ఉన్నాయి. ఈ వేయడం, చెరపడం అనే ఏర్పాటును కనిపెట్టినందుకు ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి జన్యువుల్లో ఇటువంటి ప్రోటీన్ కైనేజులు 518 ఉన్నాయని 2002లో లెక్కగట్టారు.

మరి ఆ ముద్రకు సిరా ఎక్కడిది? ఏటిపి అనే పదార్థం నుంచి. దానిని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. తరువాత సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే పిల్లల రక్త క్యాన్సరును తాత్కాలికంగానైనా లొంగదీయవచ్చని 1948లో సిడ్నీ ఫార్బర్ చూపించాడు. క్యాన్సరు మందుల చరిత్ర తెరిస్తే తెలుగువాడి పేరు మొదటి పుటల్లోనే కనబడుతుంది.

ఇప్పుడు ఒక అధికారి చేతిలో ముద్ర ఆగకుండా పడుతూనే ఉందనుకోండి. "పెరుగు, విభజించు" అనే ఫైలు రాత్రింబవళ్లు కదులుతూనే ఉంటుంది. చాలా క్యాన్సర్లలో జరిగేది ఇదే. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సరునే తీసుకోండి. అందులో ఒక క్రోమోజోము కురచగా ఉండడం 1960లో ఫిలడెల్ఫియాలో చూశారు. 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడమే దానికి కారణమని 1973లో జానెట్ రౌలీ తేల్చింది. ఆ అతుకు దగ్గర పుట్టిన బిసిఆర్-ఏబిఎల్ అనే సంకర కైనేజే ఆ ఆగని ముద్ర.

ఈ కైనేజును ఆపే మందు కోసం వెతికేటప్పుడు కణాలు ఎంతో పనికొచ్చాయి. ఒకే రకం కణాలను రెండు జట్లుగా తీసుకున్నారు. ఒక జట్టులోకి బిసిఆర్-ఏబిఎల్ జన్యువును చొప్పించారు, రెండో జట్టును అలాగే ఉంచారు. రెంటికీ ఒకే మందు ఇచ్చారు. జన్యువు చొప్పించిన కణాల పెరుగుదల ఆగింది, మామూలువి పెరుగుతూనే ఉన్నాయి. రెండు జట్లకూ ఉన్న తేడా ఒక్కటే గనుక మందు దేనిమీద పనిచేసిందో సందేహానికి తావులేదు. బ్రయాన్ డ్రూకర్, నికొలస్ లైడన్ ప్రభృతులు ఆ ఫలితాన్ని 1996లో ప్రకటించారు. ఆ మందే ఇమాటినిబ్. 2001లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఒకప్పుడు కొద్ది సంవత్సరాల్లో ప్రాణం తీసే జబ్బు, రోజూ మాత్ర వేసుకుని నెట్టుకురాగల జబ్బయింది. 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు ఆ మందు పేటెంటు కేసులో కంపెనీ అప్పీలును తోసిపుచ్చింది. దానితో తక్కువ ధరకు దొరికే మన దేశపు మాత్రలకు అడ్డు తొలగింది.

కణాలను ఇలా దిద్దడం ఇప్పుడు మరింత సుళువైంది. 2012లో వెలువడిన క్రిస్పర్ పద్ధతికి 2020లో నోబెల్ బహుమతి లభించింది. దీనితో కోరిన జన్యువును కత్తిరించి, ఒక కైనేజును పూర్తిగా తీసివేయవచ్చు, లేదా అందులో ఒక్క అక్షరం మార్చవచ్చు. మన కణాల్లో ప్రతి జన్యువుకూ సాధారణంగా రెండు ప్రతులుంటాయి. ఒకటి తీసివేసినా రెండోది పని సాగిస్తుంది. హాప్-1 అనే కణసంతతిలో దాదాపు అన్ని జన్యువులకూ ఒక్క ప్రతే ఉంటుంది కనుక ఒక్క కోతతో పని తేలిపోతుంది. అదీ ఒక ల్యుకేమియా రోగి కణాల నుంచి వచ్చిన సంతతే.

ఇందువల్ల రోగికి ఒరిగేదేమిటి? ఒక్క ఉదాహరణ చెబుతాను. బీరాఫ్ అనే కైనేజులో 600వ స్థానంలో ఒక మార్పు వస్తే మెలనోమా అనే చర్మ క్యాన్సరు రావచ్చు. దానిని ఆపే మాత్ర 2011లో వచ్చి చక్కగా పనిచేసింది. అదే మార్పు ఉన్న పెద్దప్రేగు క్యాన్సరుకు ఇస్తే మాత్రం పెద్దగా ఫలితం లేదు. కైనేజు అదే, మార్పు అదే, మాత్రా అదే!

ఆమ్‌స్టర్‌డామ్‌లో రెనే బెర్నార్డ్స్ బృందం ప్రేగు క్యాన్సరు కణాలను తీసుకుని, వాటిలోని కైనేజులను ఒక్కొక్కటిగా అణచి చూసింది. అంటే ఆఫీసులో ఒక్కొక్క అధికారిని సెలవుమీద పంపి, ఎవరు లేనప్పుడు ఫైలు ఆగుతుందో కనిపెట్టడం లాంటిది. దొంగ దొరికాడు. బీరాఫ్‌ను ఆపగానే, అంతవరకు అణిగి ఉన్న ఇజిఎఫ్ఆర్ అనే మరో కైనేజు మేలుకుని పక్క తలుపునుంచి ఫైలు కదుపుతోంది. చర్మ క్యాన్సరు కణాల్లో ఈ రెండో అధికారి బలం తక్కువ, అందుకే అక్కడ ఒక్క మాత్ర సరిపోయింది. ఈ సంగతి 2012లో ప్రకటించారు. రెండు తలుపులూ మూసే జంట చికిత్సకు 2020 ఏప్రిల్లో అమెరికాలో అనుమతి వచ్చింది. జన్యు పరీక్ష ఎందుకో ఇప్పుడు తెలిసింది గదా! జబ్బు ఏ అవయవంలో ఉందో, ఏ ముద్ర చెడిందో, రెండూ తెలిస్తేనే మందు ఎంపిక కుదురుతుంది.

ఒక ఋణం కూడా తలచుకోవాలి. ప్రయోగశాలలో ఎడతెగకుండా పెరిగిన మొదటి మానవ కణసంతతి 1951లో బాల్టిమోరులో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి పేదరాలి కణితి నుంచి తీసినది. ఆమెను అడగలేదు, ఆమెకు చెప్పలేదు. ఆ కణాలతో వ్యాపారం చేసిన ఒక కంపెనీ ఆమె వారసులతో రాజీకి వచ్చేసరికి 2023 అయింది. మన మాత్రల వెనుక ఇటువంటి మనుషులున్నారు.

ఇక మూడో ప్రశ్న. గాజుపాత్రలోని కణం మనిషి కాదు. దానికి కాలేయం లేదు, మూత్రపిండం లేదు, రక్తప్రసరణ లేదు. ఉప్పునీరు చిక్కగా పోసినా పాత్రలో కణాలు చస్తాయి. అందుచేత "ఫలానా ఆకురసం క్యాన్సరు కణాలను చంపింది" అన్న ప్రకటన నిజమే కావచ్చుగాని, అది మందని రుజువు కాదు. మామూలు కణాలను వదిలిపెట్టిందా, మనుషులమీద పరీక్షించారా అని అడగండి. జవాబు లేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి. ఇప్పటికే ఏదైనా పసరు వాడుతున్నవారు దాచకుండా డాక్టరుగారికి చెప్పండి. కొన్ని మూలికలు మాత్రల బలాన్ని తగ్గిస్తాయి.

చివరగా ఒక్క విన్నపం. ఇమాటినిబ్ వంటి మాత్రలు వేసుకునేవారు రక్తపరీక్ష బాగా వచ్చింది కదా అని తమంతట తాము మానేయడం, ఖర్చు కలిసొస్తుందని రోజు విడిచి రోజు వేసుకోవడం ప్రమాదం. ముద్ర వేసే చేయి ఊడిపోలేదు, మాత్ర దానిని పట్టుకుని ఉంది, అంతే. కొందరి విషయంలో డాక్టర్లే పరీక్షలు చేస్తూ మందు ఆపి చూస్తారు. ఆ నిర్ణయం వారిది. కొందరిలో ఆ కైనేజు 315వ స్థానంలో ఒక్క మార్పుతో మాత్రకు లొంగకుండా పోతుంది. దానికీ 2012లో మందు వచ్చింది. కనుక మందు పనిచేయడం మానిందని తెలిసినా ఆశ వదులుకోనక్కరలేదు, వెంటనే డాక్టరును కలవాలి. పిల్లలు దూరాన ఉన్న పెద్దవాళ్ల మాత్రల డబ్బాను వారానికొకసారి మనలో ఎవరో ఒకరు చూసి వస్తుంటే అదే పెద్ద సాయం.