కొత్త విమానం, పాత చేతులు



కొత్తగా కొన్న చిన్న విమానాన్ని చేతికి అలవాటు చేసుకోవడం ఎలా అన్నది ఈనాటి మన ప్రసంగ విషయం. వేరుశెనగకు అదను వాన పడుతుందా లేదా అని ఆకాశంకేసి చూసే మనకు ఈ సంగతులు దేనికని మీలో కొందరు నవ్వుకోవచ్చు. అయితే అనంతపురం వైపు నుంచి బస్సులో బెంగుళూరు వెళ్ళేవారు యెలహంక దాటి, హెబ్బాళ చేరేలోపు ఎడమచేతి పక్కకు చూస్తే, రెండు సీట్ల విమానాలు, నాలుగు సీట్ల విమానాలు లేచేదీ దిగేదీ చూసే ఉంటారు. ఆ చోటు పేరు జక్కూరు. ఇవాళ మన పిల్లలు కూడా కొందరు పైలట్ చదువుకు పోతున్నారు. స్తోమత గలవారు సొంత విమానం మాటా ఎత్తుతున్నారు. కాబట్టి ఇది మనకు పరాయి విషయం కాదు.

ఆ మాటకొస్తే చిన్న విమానం మన సీమకు ఎప్పటి చుట్టమో. 1932 అక్టోబరులో టాటాలు కొత్తగా కొన్న పస్ మాత్ విమానాలతో తపాలా సర్వీసు మొదలుపెట్టారు. కరాచీ నుంచి బొంబాయి దాకా జె.ఆర్.డి. టాటా స్వయంగా నడిపారు. బొంబాయి నుంచి ఆ సంచులను నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చారు. తర్వాత 1940లో బెంగుళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పుట్టింది. 1948లో జక్కూరులో ప్రభుత్వ వైమానిక శిక్షణ పాఠశాల వచ్చింది. 1951లో డాక్టర్ ఘాటగే బృందం తయారుచేసిన హెచ్.టి.-2 శిక్షణ విమానం, 1958లో ఫ్లయింగ్ క్లబ్బుల కోసం చేసిన పుష్పక్ బెంగుళూరు ఆకాశంలోనే మొదటిసారి ఎగిరాయి.

పుష్పక్ పేరు ఎత్తాను గనుక అసలు విషయం అక్కడే మొదలుపెడతాను.

ఆ రోజుల్లో మన క్లబ్బుల్లో చాలామంది టైగర్ మాత్ అనే రెండు రెక్కల అంతస్తుల విమానం మీద నేర్చుకున్నవారు. దాని ఇంజను తిరిగే తీరు వల్ల, పైకి లేవడానికి వేగం పెంచగానే విమానం ముక్కు కుడివైపుకు లాగుతుంది. పైలట్ ఎడమకాలితో తొక్కి దాన్ని సరిచేయాలి. పుష్పక్‌లో ఉన్నది 90 గుర్రాల శక్తిగల కాంటినెంటల్ ఇంజను. అది తిరిగేది అవతలి దిక్కుకు. ముక్కు ఎడమవైపుకు లాగుతుంది, తొక్కవలసింది కుడికాలు. నూరు గంటలు టైగర్ మాత్ నడిపిన మనిషికి ఈ సంగతి నోటితో చెబితే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. కానీ కాలికి అర్థం కావడానికి రోజులు పడుతుంది.

మీలో యెజ్డీ మోటారుసైకిలు వాడి, తర్వాత పాత బుల్లెట్ కొన్నవారు ఉంటే నా మాట ఇట్టే పట్టుకుంటారు. యెజ్డీకి గేరు ఎడమ పక్క, పాత బుల్లెట్‌కు గేరు కుడి పక్క, బ్రేకు ఎడమ పక్క. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద అంతా బాగానే ఉంటుంది. సంతవీధిలో ఉన్నట్టుండి మేక అడ్డం వచ్చినప్పుడు బ్రేకు అనుకుని గేరు తొక్కుతాం. కంగారులో పని చేసేది బుర్ర కాదు, అలవాటు. మోటారుసైకిలు మీద అయితే మోకాలు చెక్కుకుపోతుంది. విమానంలో అంతటితో పోదు.

దీనికి లోకమంతా గుర్తుపెట్టుకున్న ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలో జాన్ డెన్వర్ అని పేరుమోసిన గాయకుడు. విమానం నడపడంలో 2,700 గంటలకు పైగా అనుభవం ఉన్న మనిషి. 1997లో లాంగ్ ఈజీ అనే రెండు సీట్ల విమానం కొన్నాడు. ముందు వేరే ఆయన చేతితో కట్టుకున్న విమానం అది. దానికి రెండు ఇంధనం ట్యాంకులు. ఒకటి అయిపోతే రెండో దానికి మార్చే మీట అసలు నమూనా ప్రకారం పైలట్ కాళ్ళ మధ్య ఉండాలి. కట్టినాయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. డెన్వర్ ముందురోజు ఓ అరగంట ఆ విమానంలో తిరిగి చూసుకున్నాడు. మర్నాడు, అక్టోబరు 12న, ఇంధనం నింపమంటారా అని అడిగితే, ఓ గంటసేపే కదా, అక్కర్లేదన్నాడు. సముద్రం ఒడ్డున, ఎక్కువ ఎత్తు లేని చోట ఇంజను ఆగింది. భుజం వెనకనున్న మీట కోసం ఒళ్ళు తిప్పితే కుడికాలు తనకు తెలియకుండానే పెడల్ మీద బరువు వేస్తుంది. విమానం పక్కకు ఒరిగి నీళ్ళలో పడింది. ఆయన ప్రాణం పోయింది. విచారణ చేసిన అమెరికా రవాణా భద్రతా మండలి కారణాల్లో మీట ఉన్న చోటుతోపాటు ఆ విమానం మీద తగినంత శిక్షణ లేకపోవడాన్నీ రాసింది.

ఆ 2,700 గంటలు ఆయన్ను కాపాడలేకపోయాయి. అవి వేరే విమానాల గంటలు. లైసెన్సు అనేది నీకు నడపడం వచ్చు అని చెప్పే కాగితం. ఈ బండి నీకు తెలుసు అని చెప్పే కాగితం కాదు. మన దేశంలో ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 17 ఏళ్ళ వయసు నిండాలి, తక్కువలో తక్కువ 40 గంటలు ఎగరాలి, వైద్య పరీక్ష, రాత పరీక్షలు ఉన్నాయి. ఇవన్నీ అయ్యాక కొత్త విమానం దగ్గర మళ్ళీ ఓనమాలు దిద్దుకోవాలి. అనుభవం ఎక్కువ ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం అంటాను నేను. కొత్తగా నేర్చినవాడికి భయం ఉంటుంది, అడుగుతాడు. పాతకాపు అడగడు.

ఇక బెంగుళూరు సంగతికి వద్దాం. బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగితే గాలి పలచబడుతుంది. ఎండ ముదిరితే ఇంకా పలచబడుతుంది. లెక్క ప్రకారం 3,000 అడుగుల ఎత్తున 9 డిగ్రీల చలి ఉండాలి. ఏప్రిల్ మధ్యాహ్నం 34 డిగ్రీలు ఉందనుకోండి, అప్పుడు విమానం పాలిటికి బెంగుళూరు 3,000 అడుగుల ఊరు కాదు, 6,000 అడుగుల ఊరు. మామూలు ఇంజను తన శక్తిలో అయిదో వంతుదాకా పోగొట్టుకుంటుంది. పైకి లేవడానికి సముద్రం ఒడ్డున పట్టే రన్‌వేకంటే సగానికి పైగా ఎక్కువ పడుతుంది. అందుకే అనుభవజ్ఞులు వేసవిలో తెల్లవారుజామునే విమానం బయటకు తీస్తారు.

దిగేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. మద్రాసులోనో విశాఖపట్నంలోనో నేర్చుకుని వచ్చిన పైలట్ బెంగుళూరులో కొత్త విమానం దింపుతున్నాడనుకోండి. వేగం చూపే ముల్లు గంటకు 120 కిలోమీటర్ల దగ్గరే ఉంటుంది. కానీ పలచని గాలిలో విమానం నిజానికి పోయేది 130 దాకా. నేల గబగబా వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. కన్ను చెప్పింది నమ్మి, ఎక్కువ వేగంలో ఉన్నామని ముక్కు ఎత్తి వేగం తగ్గించాడా, రెక్కలకు పట్టు తప్పుతుంది. నేలకు దగ్గరలో పట్టు తప్పిన విమానాన్ని తిరిగి నిలబెట్టుకోవడానికి ఎత్తు చాలదు. కాబట్టి ఇక్కడ కంటిని కాదు, ముల్లును నమ్మాలి. మరి ఈ కొత్త విమానానికి ఏ అంకె నమ్మాలి? అది దాని పుస్తకంలో ఉంటుంది. పాత విమానం అంకె నాలుక చివర ఉంటుంది, కొత్తదాని అంకె పుస్తకంలో ఉంటుంది. తేడా అంతా అక్కడే వస్తుంది.

మరైతే ఎలా అలవాటు చేసుకోవాలి? మొదటి పని హ్యాంగరులో, ఇంజను ఆపి ఉంచి చేసేది. సీట్లో కూర్చోండి. బెల్టు కట్టుకోండి. కళ్ళు మూసుకుని ఇంధనం మీట మీద చెయ్యి వేయండి. ఫ్లాపుల మీట, ట్రిమ్ము చక్రం, కిటికీ గడియ, మంటలార్పే సిలిండరు, ఒక్కొక్కటీ తడిమి పట్టుకోండి. పక్కన ఎవరైనా కూర్చుని వరస మార్చి అడుగుతూ ఉంటే ఇంకా మంచిది. చెయ్యి వెతుక్కోకుండా నేరుగా వెళ్ళేదాకా రెండు మూడు సాయంత్రాలు ఇదే పని. చూసేవాళ్ళకు తమాషాగా ఉంటుంది. ఉండనివ్వండి.

తర్వాత చెక్‌లిస్టు. ఈ అలవాటు వెనక ఒక కథ ఉంది. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ వారి కొత్త బాంబరు విమానం పరీక్షకు లేచింది. నిలిపి ఉంచినప్పుడు గాలికి తోక పలకలు కొట్టుకోకుండా వేసే బిగింపును తీయడం మరిచారు. విమానం నిటారుగా లేచి కూలిపోయింది. నడిపినవారు ఆనాటి ఆరితేరిన పైలట్లు. ఆ తర్వాతే, జ్ఞాపకాన్ని నమ్మకుండా పనులన్నీ అట్టముక్క మీద రాసుకుని చదువుతూ చేసే పద్ధతి స్థిరపడింది. మీ విమానానికి వచ్చిన చెక్‌లిస్టును మీరే మీ చేతిరాతతో, కావాలంటే తెలుగులోనే, ఒకసారి రాసుకోండి. రాసింది చేతికి ఎక్కుతుంది.

ఇంజను భాష కూడా నేర్చుకోవాలి. పాత తరహా ఇంజను నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతుంది. ఇప్పుడు చిన్న విమానాల్లో విరివిగా వస్తున్న రోటాక్స్ ఇంజను 5,500 దాకా తిరిగి, గేరు పెట్టె ద్వారా ప్రొపెల్లరును నెమ్మదిగా తిప్పుతుంది. మొదటిసారి విన్నవాడు ఇంజను పగిలిపోతుందేమోనని మీట వెనక్కి లాగబోతాడు. లేచేటప్పుడు అలా లాగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

బెంగుళూరు ఎన్.ఏ.ఎల్. ప్రయోగశాల వారి హంస విమానం తీసుకోండి. ఇది రూపు దిద్దుకుంటున్న కాలంలో ఆ సంస్థకు సంచాలకులు రొద్దం నరసింహ. ఆ ఇంటిపేరు వింటేనే మనకు పెనుకొండ దగ్గరి రొద్దం గుర్తుకొస్తుంది. హంస 1993 నవంబరు 17న మొదటిసారి ఎగిరింది. హంస-3కి 2000లో ధ్రువీకరణ వచ్చాక పది పైచిలుకు విమానాలు చేసి ఫ్లయింగ్ క్లబ్బులకు ఇచ్చారు. అందులో వాడిన రోటాక్స్ 914 ఇంజనుకు టర్బో ఉంది. పలచని గాలిలోనూ శక్తి నిలుస్తుంది. 2021 సెప్టెంబరు 3న ఎగిరిన కొత్త తరం హంసలో ఉన్నది టర్బో లేని రోటాక్స్ 912. పేరు ఒకటే, ఇంటిపేరు ఒకటే, ఏప్రిల్ మధ్యాహ్నం నడక మాత్రం వేరు. ఆ కొత్త హంసను తయారుచేసినవారే 2022లో పుదుచ్చేరికి తీసుకెళ్ళి సముద్రమట్టంలో ప్రత్యేకంగా పరీక్షించారు. కన్నవారే ఒక ఊళ్ళో తెలుసుకున్నది చాలదనుకుంటే, కొన్నవారు అరగంటలో తెలిసిందనుకోవడం ఏమి న్యాయం?

ఇప్పుడు ఎగరడం. మొదటి కొన్ని గంటలు ఆ రకం విమానం బాగా తెలిసిన శిక్షకుడు పక్కన ఉండాలి. తెలిసిన స్నేహితుడు చాలడు. నేలకు మూడువేల అడుగుల పైన, తెరిపి ఉన్న చోట విమానాన్ని బాగా నెమ్మది చేసి చూడండి. రెక్కల పట్టు తప్పబోయే ముందు అది ఎలా వణుకుతుంది, పుల్ల ఎంత వదులవుతుంది, ఏ రెక్క ముందు వాలుతుంది, ఇవి ఒంటికి తెలియాలి. ఆ తర్వాత దిగడం. రెక్క పైన ఉన్న విమానం నుంచి రెక్క కింద ఉన్నదానికి మారితే, నేల దగ్గర అది దిగనని మొరాయించినట్టు తేలుతూ పోతుంది. బలవంతంగా నేలకు నొక్కకూడదు. రన్‌వే సగం దాటితే మళ్ళీ పైకి లేచి ఇంకో చుట్టు తిరిగి రావాలి. ఆషాఢం గాలి పక్కనుంచి కొడుతున్న రోజు ఇలాంటి పాఠాలకు పనికిరాదు. జక్కూరుకు ఒక పక్క యెలహంక వైమానిక దళ స్థావరం, ఇంకా ఉత్తరాన 2008లో మొదలైన దేవనహళ్ళి విమానాశ్రయం ఉన్నాయి. చెప్పిన ఎత్తు, చెప్పిన హద్దు దాటకూడదు. రేడియోలో అధికారి మాట వింటూ, కొత్త మీటల కోసం వెతుక్కుంటూ ఉంటే రెండూ చెడతాయి. అందుకే హ్యాంగరు పాఠం ముందు అన్నాను.

ఇంధనం మాట ఒకటి. ప్రతి ఉదయం ట్యాంకు అడుగునుంచి కొంచెం గాజుకుప్పెలోకి దించి చూడాలి. విమానాల పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది. నీరు ఉంటే అడుగున తేరుకుని కనిపిస్తుంది. ముల్లు ఎంత చూపినా, కొత్త విమానంలో కొలపుల్ల ముంచి కళ్ళతో చూసుకోవాలి. ఈ బండి గంటకు ఎన్ని లీటర్లు తాగుతుందో పుస్తకం చెప్పేది ఒకటి, మీ చేతిలో తాగేది ఒకటి. పది ప్రయాణాలు రాసిపెట్టుకుంటే నిజం తేలుతుంది.

ఇక అన్నిటికంటే కష్టమైనది చుట్టాల సంగతి. విమానం వచ్చిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం, కొబ్బరికాయ కొడతాం, ఫోటోలు తీసుకుంటాం. ఆ సాయంత్రమే బావమరిది అడుగుతాడు: "బావా, మమ్మల్ని ఎప్పుడు ఎక్కిస్తావు?" పిల్లలు అప్పటికే సీట్లో కూర్చుని ఉంటారు. కాదనడానికి నోరు రాదు. కానీ మనుషులు ఎక్కితే బరువు మారుతుంది, బరువు నిలిచే చోటు మారుతుంది, విమానం నడకే మారుతుంది. మీరు ఒంటరిగా తెలుసుకున్న విమానం అది కాదు. పైగా పక్కన అయినవాళ్ళు ఉంటే, వాతావరణం బాగాలేదు, వెనక్కి పోదాం అనడానికి మొహమాటం అడ్డొస్తుంది. కనీసం పాతిక గంటలు మీ చేతికి వచ్చేదాకా, వారం వారం తేదీ మారుస్తూ అయినా సరే, ఎవరినీ ఎక్కించుకోకండి. అలిగినవాళ్ళు నెల రోజుల్లో మామూలవుతారు.

ఆ గంటలు నిండాక ఒక చలికాలం ఉదయం, ముందుగా అనుమతి తీసుకుని, పుట్టపర్తి దాకా వెళ్ళి రావచ్చు. జక్కూరు నుంచి గీత గీసినట్టు పోతే 120 కిలోమీటర్లు. దారిలో నంది కొండ 4,800 అడుగుల పైచిలుకు ఎత్తున నిలబడి ఉంటుంది, దాన్ని దూరం పెట్టి పోవాలి. పుట్టపర్తి మైదానం బెంగుళూరుకంటే దాదాపు సగం ఎత్తులోనే ఉంది. అక్కడ దిగేటప్పుడు నేల నెమ్మదిగా వస్తున్నట్టు అనిపిస్తుంది, విమానం ఇంకో రకంగా ప్రవర్తిస్తుంది. అదీ రాసిపెట్టుకోవాలి. ఆ ప్రయాణానికి బావమరిదిని పక్క సీట్లో కూర్చోబెట్టుకోండి. అయితే ఇంజను వేసే ముందు ఇంధనం మీట ఎక్కడుందో అతని చేత కూడా కళ్ళు మూసుకుని పట్టించండి.