చెట్ల నీడన అద్దె యిల్లు

సికిందరాబాదుకు ఈశాన్య దిశను సైనికపురి అనే పేట ఉన్నది. పేరే చెబుతున్నట్లు, అది సైనికోద్యోగుల నివాసార్థం వెలసిన కాలనీ. విశాలమైన ఆవరణలలో వారు వేపను, కానుగను, మామిడిని పెంచినారు. నేడు ఆ నీడను అనుభవించేవారిలో అద్దెకున్నవారు అనేకులు. క్రింద యజమాని, పైన పోర్షనులో ఒక చిన్న సంసారం. ఇది అక్కడ తరచు కానవచ్చే ఏర్పాటు.

ఈ నీడకు వెల అద్దెతో తీరదు. సంసారి ఉద్యోగం హైటెక్ సిటీలో అయితే రోజూ నగరాన్ని ఈ కొసనుండి ఆ కొసకు దాటవలె. పోనురాను దూరం నలభై కిలోమీటర్లకు మించుతుంది. 2023 ఏప్రిల్‌లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లను మేడ్చల్ వరకు పొడిగించినప్పుడు సమీపాననే ఉన్న అమ్ముగూడ స్టేషను ఈ పేటవారికి అక్కరకు వచ్చింది. కాని వేళ తప్పితే మరొక బండికై చాలసేపు నిరీక్షించవలె. కనుక ఇల్లు చూడబోయేవారు ఆదివారం సాయంకాలం, కోయిల కూసే సమయాన చూచి మురిసిపోరాదు. సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు అక్కడినుండి బయలుదేరి చూడవలె. బోరులో నీటి సంగతి మే నెలలో అడిగితేనే నిజం తెలుస్తుంది.

అద్దె పత్రాన్ని సామాన్యంగా పదకొండు నెలలకే వ్రాసుకుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయించి తీరవలె. ఆ ఖర్చును, శ్రమను తప్పించుకొనడానికే ఈ పదకొండు నెలల ఉపాయం. నెలవారీ అద్దెదారును, వేరే ఒప్పందం లేని పక్షంలో, పదునైదు రోజుల నోటీసుతో ఖాళీ చేయమనవచ్చునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతున్నది. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదని 2021లో కేంద్రం ఒక నమూనా చట్టం రూపొందించింది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం తానుగా శాసనం చేసుకుంటేగాని అద్దెదారుకు రక్షణ కాదు.

అంటుమామిడి కాపుకు రావడానికి నాలుగైదేండ్లు పడుతుంది. పదకొండు నెలల కాపురస్థుడు దానిని ఏ ధైర్యంతో నాటుతాడు? అందుకే అద్దె యిండ్లలో మొక్కలు కుండీలలో ఉంటవి. లారీ వచ్చిననాడు సామానుతోపాటు అవీ ఎక్కుతవి. ఇంతలో వృద్ధుడైన యజమాని స్థలాన్ని డెవలప్‌మెంటుకు ఇస్తాడు. పిల్లలు విదేశాలలో ఉండగా ఇంత ఆవరణను ఆయన ఒక్కడూ చూచుకొనలేడు; ఆయనను తప్పుపట్టలేము. అద్దెదారు వేరొక యిల్లు వెదుక్కుంటాడు. చెట్టుకు ఆ వీలు లేదు. 2002 నాటి వాల్టా చట్టం చెట్టును నరకడానికి అనుమతి కావలెనంటున్నది. ఆ అనుమతి ఉన్నదా అని అడగడానికి ఇంటి పట్టా అవసరం లేదు. ఇరవై యేండ్లు ఆ వీధిలో అద్దెకున్నవాడైనా అడగవచ్చును. అడిగేవారు మాత్రం అరుదు. రేపు ఎక్కడ ఉంటామో తెలియనివారికి వీధిపై మమకారం నిలవడం కష్టం.

అడ్వాన్సు, సున్నం వేయించే ఖర్చు, నీటి పన్ను వంటివి పత్రంలో ఎలాగూ ఎక్కుతవి. ఫాల్గుణంలో వేప ఆకు రాల్చినప్పుడు ముంగిలి ఎవరు ఊడ్వవలెనో కూడ అప్పుడే తేల్చుకొనడం ఉభయులకూ క్షేమం. ఆ పేటలో పై పోర్షనుకూ క్రింది పోర్షనుకూ మాట పట్టింపులు వచ్చేది అద్దె దగ్గరకంటె ఆకుల దగ్గరనే.