గీత మళ్ళీ మొదటికి వచ్చేదాకా



మీ అమ్మగాని, అమ్మమ్మగాని మెలికల ముగ్గు వేస్తూ ఉంటే పక్కన కూర్చుని చూశారా? దోహాలో మనకు మట్టి వాకిళ్ళు లేవు. సంక్రాంతి వస్తే ఫ్లాటు గుమ్మం ముందు జానెడు చోటులోనో, అదీ కుదరకపోతే చార్టు కాగితం మీదనో వేసుకుంటాము. చుక్కలు పెట్టి, ఒక మూల మొదలుపెట్టి, చుక్కచుక్కకూ మెలిక తిప్పుతూ పోతారు. కొన్ని ముగ్గులలో చెయ్యి బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. అప్పటికి చుక్కలన్నీ గీతలో చిక్కి ఉంటాయి. మరికొన్నింటిలో గీత ముందే కలిసిపోతుంది, చుక్కలు మిగిలిపోతాయి. అప్పుడు వేరొకచోట మళ్ళీ మొదలుపెట్టాలి.

ఏది ఒకే గీతతో ముగుస్తుంది, ఏది ముగియదు? గీయకముందే ఆ సంగతి చెప్పగలమా? ముగ్గు విషయంలో ఇది కష్టమైన ప్రశ్న. ఒక చిన్న బొమ్మల యంత్రం విషయంలో మాత్రం మీకు వచ్చిన లెక్కలే చాలు. ఈనాడు దాన్ని గురించి చెబుతాను.

ఆ యంత్రం పేరు స్పైరోగ్రాఫ్. ఇంగ్లండుకు చెందిన డెనిస్ ఫిషర్ అనే ఇంజనీరు 1965లో దాన్ని పిల్లల ఆటవస్తువుగా తెచ్చాడు. చక్రాలు తిప్పి వంపుగీతలు గీసే పరికరాలు అంతకు ఎంతో ముందునుంచే ఉన్నాయి. ఇటలీ దేశస్థుడు సువార్ది 1752లోనే అటువంటి వాటిమీద పుస్తకం ప్రచురించాడు. ఫిషర్ పెట్టెలో ఉండేవి ప్లాస్టిక్ వలయాలు, చక్రాలు. ఒక వలయానికి లోపలి అంచున 96 పళ్ళు. చక్రాలకు 24, 36, 48, 52, 60, 63, 84, ఇలా రకరకాల సంఖ్యలో పళ్ళు. చక్రంలో కన్నాలుంటాయి. వలయాన్ని కాగితం మీద కదలకుండా నిలిపి, చక్రాన్ని దాని లోపల పెట్టి, కన్నంలో పెన్ను గుచ్చి తిప్పుకుంటూ పోవడమే. తొందరపడకూడదు. చక్రాన్ని వలయం వైపు కొంచెం ఒత్తిపట్టాలి. ఒక్క పన్ను జారిందంటే అక్కడినుంచి గీత పక్కదారి పడుతుంది.

ఇప్పుడు 36 పళ్ళ చక్రం తీసుకోండి. అంచుకు దగ్గరగా ఉన్న కన్నంలో పెన్ను పెట్టండి. చక్రం 36 పళ్ళు దొర్లిన ప్రతిసారీ పెన్ను వలయం దగ్గరకు వచ్చి ఒక కొన గీస్తుంది. మొదటి కొన సున్న దగ్గర అనుకుందాము. తరువాతివి 36, 72 దగ్గర. ఆ పైన 108. కాని వలయానికి ఉన్నవి 96 పళ్ళే గదా! కనుక 108 అంటే రెండో చుట్టులో 12. అక్కడినుంచి 48, 84, మళ్ళీ 24, 60. ఆ తరువాత సరిగ్గా సున్న. మొత్తం ఎనిమిది కొనలు, మూడు చుట్లు. గీత మొదటికి వచ్చింది, బొమ్మ ముగిసింది.

ఇంత పొడుగున లెక్కపెట్టనక్కరలేదు. 96, 36ల క.సా.గు. 288. దాన్ని 36తో భాగిస్తే 8; అవి కొనలు. 96తో భాగిస్తే 3, అవి చుట్లు. తరగతిలో విసుక్కుంటూ చేసిన క.సా.గు. ఇక్కడ పువ్వై పూచింది చూశారా! 60 పళ్ళ చక్రం కూడా ఎనిమిది కొనలే ఇస్తుంది, కాని ఐదు చుట్లలో. 84 పళ్ళ చక్రమూ ఎనిమిదే, ఏడు చుట్లలో. కొనలు ఒకటే, లోపలి అల్లిక వేరు. నాకు మాత్రం 63 పళ్ళ చక్రం మీద మక్కువ ఎక్కువ. 21 చుట్లు తిరిగి 32 కొనలు గీస్తుంది. చెయ్యి నొప్పి పుట్టినా చివరకు చూడముచ్చటగా ఉంటుంది.

ఎనిమిది అనగానే మీకు ఏదైనా గుర్తుకు రావాలి. కార్నిష్ పక్కన సముద్రంలో ఇస్లామిక్ కళా మ్యూజియం ఉన్నది గదా! 2008లో తెరిచారు. కట్టడాన్ని రూపొందించినవాడు ఐ. ఎం. పే. ఈసారి వెళ్ళినప్పుడు నడిమి హాలులో నిలబడి తలెత్తి చూడండి. పైన గుండ్రం, దాని కింద ఎనిమిది పలకలు, ఇంకా కిందికి వస్తే చదరం. ఇస్లామిక్ కళలో, పెంకుల మీదా చెక్క పనిలోనూ, ఎనిమిది కొనల నక్షత్రం పదేపదే కనిపిస్తుంది. ఆ పనివారి సాధనాలు వృత్తలేఖిని, కొలబద్ద.

ఆ నక్షత్రాలలో బాగా తెలిసినది, ఒక చదరం మీద మరో చదరాన్ని వాలుగా పెట్టినది. దాన్ని వేలితో అనుసరించండి. నాలుగు మూలలు తిరగగానే వేలు మొదటికి వచ్చేస్తుంది, రెండో చదరం మిగిలిపోతుంది. చుక్కలు మిగిలిపోయిన ముగ్గు వంటిదే ఇది! మన యంత్రంతోనూ అంతే. 24 పళ్ళ చక్రం ఒక్క చుట్టులో నాలుగు కొనలు గీసి ఆగిపోతుంది. చక్రాన్ని తీసి, 12 పళ్ళు జరిపి, రెండోసారి గీస్తే ఎనిమిది కొనలు వస్తాయి. 36 పళ్ళ చక్రంతో వచ్చేది పెన్ను ఎత్తకుండా గీసిన ఎనిమిది. రెండూ పక్కపక్కన గీసి చూడండి.

48 పళ్ళ చక్రం సంగతి ఇంకా చిత్రం. అది వలయంలో సరిగ్గా సగం. రెండే కొనలు, కోలగా సాగిన దీర్ఘవృత్తం వస్తుంది. పెన్ను అంచుకు జరిగేకొద్దీ అది సన్నబడుతుంది. సరిగ్గా అంచుమీదే పెన్ను నిలపగలిగితే తిన్నని సరళరేఖ వస్తుంది! రెండు గుండ్రాలు కలిసి ఒక తిన్నని గీతను పుట్టించడం! పారశీక పండితుడు నసీరుద్దీన్ తూసీ గ్రహాల నడకను వివరించడానికి ఈ సూత్రాన్నే 1247లో తన గ్రంథంలో వాడుకున్నాడు. అప్పటికి ఈ ఆటవస్తువు లేదు, ప్లాస్టిక్కూ లేదు.

పందొమ్మిదో శతాబ్దంలో కరెన్సీ నోట్ల అచ్చుదిమ్మెల మీద సన్నని అల్లికగీతలు చెక్కడానికి ఇటువంటి పళ్ళచక్రాల యంత్రాలే వాడారు. చక్రాల అమరిక తెలియనివాడు ఆ గీతలను చేత్తో అనుకరించలేడని వారి ధీమా. ఇప్పుడా పని కంప్యూటర్లు చేస్తున్నాయి.

మీ పెట్టెలోని చక్రాల పళ్ళు వేరుగా ఉంటే వాటినే లెక్కపెట్టుకోండి. ముందు కొనలెన్నో, చుట్లెన్నో లెక్కకట్టి కాగితం మూలన రాయండి. ఆ తరువాతనే పెన్ను పట్టండి. 96 పళ్ళ వలయంలో 52 పళ్ళ చక్రం పెడితే ఏమవుతుందో నేను చెప్పను.