పద్నాలుగో వారం టీకా రోజున

2019లో మొదలైన ఈ సూర్యాపేట మెడికల్ కాలేజీ నుంచి డాక్టర్లయి వెళ్తున్న పిల్లల్లారా, నేను పసిపిల్లల సర్జన్‌ని. నా పనిలోంచే ఒక్క సంగతి చెబుతాను.

మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ పని చేసే ఒకాయన పదమూడేళ్లు దాటిన కొడుకుని తీసుకొచ్చాడు. కుడి వృషణం సంచిలో లేదు. "పుట్టినప్పుడే చూపించినం సార్. పెద్దగైతే అదే దిగుతదన్నరు" అన్నాడు. ఆ తండ్రి చేయాల్సింది చేశాడు. డాక్టర్లే తప్పు చెప్పారు. గజ్జల్లో ఆగిపోయినదాన్ని దించి కుట్టాను గానీ, అప్పటికే అది చిక్కిపోయింది.

బిడ్డ కడుపులో తయారైన వృషణం తల్లికి ఏడో నెల వచ్చేసరికి గజ్జల దారి పడుతుంది. నెలలు నిండిన మగపిల్లల్లో నూటికి ముగ్గురికి, నెలలు నిండనివాళ్లలో నూటికి ముప్పైమందికి పుట్టేసరికి దిగి ఉండదు. చాలామందికి మూడు నెలల్లో దిగుతుంది. ఆరు నెలలు దాటితే ఇక ఆశ లేనట్టే. ఒంటివేడిలోనే ఉండిపోతే వీర్యానికి మూలమైన కణాలు తొలి ఏడాది నుంచే తగ్గుతాయి. అందుకే 18 నెలల లోపు ఆపరేషన్ అయిపోవాలి. స్వీడన్‌లో ఈ ఆపరేషన్ చేయించుకున్న దాదాపు 17 వేలమందిని పరిశీలించి 2007లో లెక్క చెప్పారు: 13 ఏళ్లలోపు చేయించుకున్నవారికి వృషణ క్యాన్సర్ ముప్పు మామూలువాళ్ల కంటే రెండింతలు, ఆ తర్వాత చేయించుకున్నవారికి అయిదింతలు.

రేపు కోదాడలో డ్యూటీ పడినా, తండాలో పడినా, టీకాకు వచ్చిన ప్రతి మగబిడ్డ లంగోటీ విప్పి చూడండి. ముందు చేతులు రుద్దుకుని వెచ్చచేసుకోండి. చల్లటి చెయ్యి తగిలితే దిగినది కూడా పైకి లాక్కుంటుంది. చెయ్యి పెట్టకుండా స్కానింగ్ రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాయనా, నీ వేళ్లకు దొరకనిది స్కానింగ్‌కూ చాలాసార్లు దొరకదు! బంగారుతల్లీ, నువ్వు సిగ్గుపడి వదిలేస్తే వాణ్ణి ఇంకెవరు చూస్తారు?

పద్నాలుగో వారం టీకాకు వచ్చేనాటికి కూడా దిగకపోతే కార్డు మీద రాయండి. ఆరు నెలలకు మళ్లీ పిలిపించండి, అప్పటికీ లేకపోతే సర్జన్ దగ్గరికి పంపండి. తొమ్మిదో నెల తట్టు టీకా దాకా ఆగొద్దు.

పుట్టిన బిడ్డకు రెండూ చేతికి తగలకపోతే మాత్రం అదే రోజు పంపాలి. మగబిడ్డలా కనిపించినా, అడ్రినల్ గ్రంథి జబ్బుతో పుట్టిన ఆడబిడ్డ కావచ్చు. రెండు మూడు వారాల్లో ఒంట్లో ఉప్పు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పరీక్షలు తేలేదాకా మగబిడ్డ అని రాయకండి.