పెంటకుప్పయు చట్టమును



మా భిక్నూరు సిద్ధరామేశ్వరస్వామి కొలువైన యూరు. 44వ జాతీయరహదారి ప్రక్కగా నున్నది. పెద్దబాట ప్రక్కనున్న యూళ్లకు సరుకులతోపాటు చెత్తయు త్వరగా వచ్చును. నేడు దానినిగూర్చియే కొంత ముచ్చటింపనెంచితిని. వ్యాకరణము చెప్పిన నోట ఈ చెత్తమాట యేలయని నా పాతశిష్యులు నవ్వుదురు కాబోలు, నవ్వనిండు.

పూర్వము మన పల్లెలలో చెత్తకు చట్టము లేదు, పెంటకుప్ప యుండెను. పేడ, బూడిద, ఊడ్చిన కసవు, కూరగాయల తొక్కలు అన్నియు దానిలోబడి, మాగి, ఎండకాలమున బండ్లకెక్కి పొలము చేరెడివి. నేడు మన యలవాటు మారలేదు, వస్తువు మారినది. పాలసంచియు, గుట్కా పొట్లమును అదే కుప్పపై వేయుచున్నాము. అవి మట్టిలో గలియవు. తొక్కలకై వచ్చిన పశువు సంచితో గూడ మ్రింగును. అది కడుపులో ముద్దగట్టి మేత సాగనీయదు.

పట్టణముల చెత్తకు 2000లోనే నియమము లేర్పడినవి. పల్లె యప్పుడు లెక్కకు రాలేదు. 2016 నాటి ప్లాస్టిక్ నియమములు గ్రామపంచాయతులను గూడ బాధ్యులను జేసినవి. 2018లో తెలంగాణమున క్రొత్త పంచాయతిరాజ్ చట్టము వచ్చెను. 2019 సెప్టెంబరులో పల్లెప్రగతి మొదలై, నాటి 12,769 పంచాయతులకు ట్రాక్టర్లును, చెత్త వేరుచేయు షెడ్లును సమకూర్చ బూనుకొనిరి. ఒకమారు వాడి పారవేయు ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లెములు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషిద్ధములు. పెండ్లిపందిళ్లలో ఆ నిషేధ మెంతవరకు నడచుచున్నదో మీరే యెఱుగుదురు.

ట్రాక్టరున్న చాలదు, డీజిలు వలయును. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలము ముగిసెను. మరల ఎన్నికలు జరిగినది 2025 డిసెంబరులో. ఎన్నికైన పాలకవర్గము లేనిచోట కేంద్ర ఆర్థికసంఘపు నిధులు నిలిచిపోవును. ఆ నడుమ చెత్తబండి యెన్నినాళ్లు కదలలేదో చెప్పుటకు మీకు నా ప్రసంగ మక్కరలేదు.

అయినను నిధులకంటె గట్టి చిక్కు మన వంటయింట నున్నది. తడిచెత్త, పొడిచెత్త వేరుచేయుట ట్రాక్టరు చేతగాదు. మన మొకే బుట్టలో బోసినచో, షెడ్డుకడ పాచిన అన్నమునుండి పగిలిన సీసాను, గడ్డముగీయు బ్లేడును ఒక మనిషి చేతితో ఏరవలసివచ్చును. 2019లో ఆ మనిషికి నిర్ణయించిన నెలజీతము 8,500 రూపాయలు. ఆయన యేరలేక విడిచిన కుప్పకు ఎవరో నిప్పుపెట్టుదురు. షెడ్డు ఖాళీగానుండ, దాని ప్రక్కనే కుప్ప పొగలుగ్రక్కుట పెక్కు పొలిమేరలలో నేను చూచితిని. ఆ పొగ మొదట పోవునది చేరువనున్న యిండ్లలోనికే.

2018 చట్టము ప్రకారము రెండునెలల కొకమారు గ్రామసభ జరుగవలెను. అందు పెద్దలు లేచి, “షెడ్డునుండి ఈ రెండునెలలలో ఎన్ని బస్తాల ఎరువు వచ్చినది? ఎవరి పొలమునకు బోయినది?” అని యడుగుడు. లెక్క పుస్తకము చూపుమనుడు. ఎరువు రాలేదన్నచో, చెత్త యెట్లు చేరుచున్నదో ఇంటింటికి బోయి చూడవలసియుండును. మొదట ప్రశ్న వేసినవారి యింటికే.